కొత్త చేప పక్కన కూర్చున్న సిస్టరమ్మ

మొన్న ఆదివారం పొద్దున చర్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, అమ్మ పోయింది. చాయ్ తాగి ప్రార్థనకు కూసున్నది. కూసున్నకాన్నే ఒరిగిపోయింది," అంది సిస్టరమ్మ కూతురు. ఆ అమ్మాయి ఏడవడం లేదు గానీ, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయిందని తెలుస్తూనే ఉంది. నేను వంటింట్లో బకెట్టు నీళ్లలో చేపల తొట్టె కోసం ఉప్పు కలుపుతున్నాను. "వస్తున్నానమ్మా" అని, ఉప్పు కలపడం ఆపేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. నాచారంలో మేం పై వాటాలో అద్దెకు దిగేనాటికే ఆవిడ కింది వాటాలో ఉన్నారు. ఆరేళ్లు ఒకే ఇంటి మెట్లు ఎక్కాం, దిగాం. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా ఒక పెద్ద దవాఖానాలో, అంటువ్యాధుల వార్డులో నర్సుగా పనిచేశారు. వీధిలో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ సిస్టరమ్మే. జనగామ వైపు పల్లె ఆవిడది. నాది కాకినాడ. నేను 'అండీ' అంటే ఆవిడకు నవ్వొచ్చేది. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా, జ్వరమైనా, మొగుడూ పెళ్లాల కొట్లాటైనా, ఆవిడ మొదట అడిగేది ఒక్కటే: "తిన్నవా?" తినలేదంటే మిగతాది తర్వాతే వినేవారు.

సముద్రం పక్కన పెరిగినదాన్ని కాబట్టేమో, ఇంట్లో సముద్రపు చేపలు పెంచాలని నాకు చాలాకాలంగా కోరిక. మా ఆయన హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టె పెట్టించారు. మామూలు రంగు చేపల తొట్టె లాంటిది కాదు. నీళ్లను సముద్రమంత ఉప్పగా చేసి, ఆ ఉప్పదనం తగ్గకుండా పెరగకుండా చూసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఐదు చేపలయ్యాయి. ఒకరోజు ఉప్పల్‌లోని దుకాణం నుంచి ఆరో చేపను తెచ్చాను. టాంగ్ అనే పసుపు రంగు చేప. చేప ఉన్న సంచీని కాసేపు నీళ్లమీద తేల్చి, చేపను నేరుగా మిగతావాటి మధ్య వదిలేశాను. నాలుగో రోజుకు దాని రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. రెండు వారాల్లో ఆరు చేపలూ పోయాయి.

ఆఖరి చేపను పెరట్లో మల్లెచెట్టు మొదట్లో పాతిపెడుతుంటే సిస్టరమ్మ చీపురుతో బయటికి వచ్చారు.

"ఏందది టీచరమ్మా?"

"చేపండి. ఇదే ఆఖరిది."

"అన్ని ఒక్కతీరుగనే సచ్చినయా?"

"అవునండి. కొత్తగా తెచ్చినదాని నుంచి అన్నిటికీ అంటుకుంది."

ఆవిడ చీపురును గోడకు ఆనించారు. "కొత్తదాన్ని సీదా అన్నిట్ల కలిపినవా?"

తలూపాను.

"బళ్లె పాఠాలు జెప్తవు గదా బిడ్డా!"

తిట్టినట్టు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. నేను చిల్కానగర్‌లోని ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఎనిమిదో తరగతికి అంటువ్యాధుల పాఠం ఏటా నేనే చెప్పాలి. రోగిని విడిగా ఉంచాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. ఆ మల్లెచెట్టు దగ్గర సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇంక వద్దండి. తొట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను," అన్నాను.

"ఇస్తే ఇయ్యి. ఉంచుకుంటే మాత్రం ముందు ఒక వార్డు పెట్టు," అన్నారు.

ఆవిడకు చేపల గురించి ఏమీ తెలియదు. వండుకునే కొర్రమీను తప్ప ఇంకో చేప పేరు చెప్పలేరు. కానీ విడిగా ఉంచడమంటే ఏమిటో ఆవిడకు తెలిసినంతగా నాకు తెలిసినవాళ్లలో ఇంకెవరికీ తెలియదు. నేను చదివి చెబుతుంటే, ఆవిడ అది వార్డులో ఏ పనికి సమానమో చెప్పేవారు. ఆ జబ్బు పురుగు చేప దొరక్కపోతే చచ్చిపోతుంది కాబట్టి పెద్ద తొట్టెను చేపలు లేకుండా రెండున్నర నెలలు వదిలేశాం. ఆ రోజుల్లోనే ఒక స్పాంజిని ఆ తొట్టె వెనక అరలో పడేసి ఉంచాం. నీళ్లలో చేరే మలినాన్ని తినే మంచి సూక్ష్మజీవులు అందులో పెరుగుతాయి. కొత్త చేపల్ని విడిగా ఉంచే చిన్న తొట్టెలో ఫిల్టరుగా అదే పనికొస్తుంది.

చిన్న తొట్టెను హాల్లోనే ఒక మూల పెడదామనుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "తుంపరలు వడ్తయి. ఒక్క సుక్క సాలు," అని వెనక గది చూపించారు. అడుగున ఇసుక ఉండదనీ, వేస్తే మందును అదే పీల్చేస్తుందనీ నేను చెబితే ఆవిడకు బాగా నచ్చింది. "మా వార్డుల గూడ ఇంటి బొంతలు రానియ్యకపోతుంటిమి." కానీ ఖాళీ తొట్టెను చూసి మళ్లీ ఆగారు. "దాక్కునే జాగ ఏది? జబ్బుతోని కాదు, భయంతోనే సస్తది." అప్పుడు తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్కలు తెచ్చి, కడిగి, లోపల పెట్టాం. ఆ తొట్టె వలకూ బకెట్టుకూ ఆవిడే ఎర్ర టేపు చుట్టారు. అవి హాల్లోకి రాకూడదు. గదిలోకి వెళ్లేముందు గాజులు తీసి కిటికీలో పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. సబ్బు ఆనవాలు లేకుండా మళ్లీ రెండుసార్లు నీళ్లతో కడిగేవారు.

గోడకు ఒక చార్టు అంటించారు. తిండి, ఊపిరి, ఒళ్లు, నడక అని నాలుగు గడులు.

"చేపకు నడకేమిటండీ?"

"ఈతనే రాస్కో. ఏం జెయ్యాలె, సేతికి గట్లనే అలవాటైంది."

మొదట క్లౌన్ చేపల జంట ఆ గదిలో ఆరు వారాలుండి, ఏ జబ్బూ లేకుండా హాల్లోకి వెళ్లింది. తర్వాత నీలం టాంగ్‌ను తెచ్చాను. అరచేతిలో సగం కూడా లేదు. రోజూ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి సిస్టరమ్మ వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చుని ఉండేవారు. ఏదో పాట సన్నగా పాడుకుంటూ ఉండేవారు. మొదట్లో చేప పైపులోంచి బయటికే వచ్చేది కాదు. వారం గడిచేసరికి ఆవిడ కుర్చీ లాగిన చప్పుడుకే అద్దం దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

మూడు వారాలు బాగానే గడిచాయి. శనివారం మా ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇంటికి పిలిచాను. నీలం చేపను పెద్ద తొట్టెలో చూపిస్తానని వాళ్లకు మాట ఇచ్చేశాను. బుధవారం సాయంత్రం ఆ సంగతి చెప్పాను.

"ఇంక మూడు వారాలున్నయి గదా," అన్నారు సిస్టరమ్మ.

"శుభ్రంగా తింటోందండి. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు."

"మంచిగ కనవడుతున్నదని కలపొద్దు బిడ్డా."

"పిల్లలకు మాటిచ్చాను."

"పిల్లలకు నేన్ జెప్త. జర ఆగు."

ఆరోజు బడిలో ఏదో చికాకు. అలిసిపోయి ఉన్నాను. "ఇది మీ వార్డు కాదు సిస్టరమ్మా, మా ఇల్లు," అనేశాను.

ఆవిడ నావైపు ఒకసారి చూశారు. గోడ దగ్గరికి వెళ్లి చార్టులో ఏదో రాసి, చేతులు కడుక్కుని, గాజులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను వల తీసుకున్నాను. చేప పైపులోకి దూరింది. అది బయటికి వచ్చేదాకా ఏం చేయాలో తోచక చార్టు చూశాను. ఆరోజు గడిలో ఆవిడ గుండ్రటి అక్షరాలు: 'రెండుసార్లు ఒళ్లు పైపుకు రాసుకున్నది. రేపు సూడాలె.'

చేప అలా ఒళ్లు రాసుకోవడం ఆ జబ్బుకు తొలి గుర్తు. అంత మాట పడి కూడా ఆవిడ తన పని వదల్లేదు. వల పక్కన పెట్టేశాను. శుక్రవారం పొద్దున ఆ నీలం చేప తోక మీద మూడు తెల్ల చుక్కలు కనిపించాయి. బుధవారం నేను పంతం పట్టి ఉంటే హాల్లో ఉన్న జంట కూడా దక్కేది కాదు.

బడికి సెలవు పెట్టి కిందికి వెళ్లాను. సిస్టరమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నా మొహం చూడగానే "తింటున్నదా?" అన్నారు.

"లేదండి. మచ్చలు వచ్చాయి. నన్ను క్షమించండి, ఆ రోజు..."

"గదేం లేదు, కూసో." కాయలు తుంచుతూ, నావైపు చూడకుండానే చెప్పారు. "కొత్తగ డ్యూటీల చేరిన దినాలు. ఒక తల్లి పిలగాన్ని తోల్కొచ్చింది. ఒంటిమీద ఏం లేదు, ఉత్త జ్వరం. వేరే గదిల ఒక్కడే పండడు సిస్టర్, భయపడ్తడని నా కాళ్లు వట్టుకున్నది. ఆమె గోస సూడలేక పెద్ద వార్డులనే మంచమేసిన. రెండు దినాలకు వానికి తట్టు తేలింది. వాడు బతికిండు. పక్క మంచం మీద ఇంకో పిల్ల ఉండె. రెండేండ్లది, బక్క పానం. అది బతకలే."

నేనూ ఒక చిక్కుడుకాయ అందుకుని తుంచడం మొదలుపెట్టాను.

"నన్నెవ్వలు ఏమనలే. గా తల్లికి గూడ తెల్వదు. నాకు తెలుసు." కాయల గిన్నె పక్కకు జరిపారు. "పిలగాన్ని వేరే గదిల పెట్టి, వాని పక్కన నేను కూసుంటే అయిపోతుండె. గా ఉపాయం నాకప్పుడు రాలే. లే, పోదాం. మందెంతెయ్యాలె?"

ఈ జబ్బుకు వేసేది రాగి కలిసిన మందు, చాలా జాగ్రత్తగా వేయాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాం. రోజూ నీళ్లు పరీక్ష చేసేదాన్ని. ఆవిడ నా భుజం మీదుగా రంగు చూసి, చెప్పింది మళ్లీ చెప్పించుకుని, చార్టులో రాసేవారు. చేప తినడం మానేసింది. ఎండు నాచు ఇచ్చినా ముట్టలేదు. నాలుగో రోజు సిస్టరమ్మ ఒక పాలకూర ఆకును వేడినీళ్లలో ముంచి మెత్తగా చేసి తెచ్చారు. "జ్వరం నోటికి మెత్తటిది కావాలె," అన్నారు. ఆకును చిన్న క్లిప్పుతో అద్దానికి తగిలించి, ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. చాలాసేపటికి చేప వచ్చింది. ఆకు అంచును ఒకసారి కొరికి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. సిస్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఈ మధ్యలోనే శనివారం పిల్లలు వచ్చి వెళ్లారు. హాల్లోని పెద్ద తొట్టె ముందు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. వెనక గది గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడిపోయారు. ఎర్ర టేపు ఎందుకో, గాజులు ఎందుకు తీయాలో సిస్టరమ్మ చెప్పారు. నా పాఠం కన్నా బాగా చెప్పారు. ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అమ్మమ్మా, గా చేపకు ఒక్కదానికే ఉంటే భయం కాదా?"

"ఎందుకు కాదు బిడ్డా? అయితది. ఒంటరిగ పెట్టినం గానీ ఒంటరిగ ఇడిసిపెట్టలే. గందుకే కుర్సీ ఏసుకొని కూసున్న."

నెల రోజులు మందు, తర్వాత మందు లేని ఉప్పునీళ్లలో ఇంకో రెండు వారాల పరిశీలన. మచ్చలు తిరిగి రాలేదు. చేపను పెద్ద తొట్టెలో వదిలిన రోజు ఆవిడ చార్టు కింద ఒక గీత గీసి 'డిశ్చార్జ్' అని రాసి సంతకం పెట్టారు. అప్పటి నుంచి ఏ కొత్త చేప వచ్చినా మా ఇంట్లో అదే పద్ధతి. బడిలో అంటువ్యాధుల పాఠం చెప్పేటప్పుడు, రోగిని విడిగా ఉంచాలి అని రాశాక ఇంకో వాక్యం కూడా రాస్తున్నాను: అతని దగ్గర ఎవరు కూర్చుంటారో కూడా చూడాలి. పరీక్షలో దానికి మార్కులు ఉండవు. అయినా పిల్లలు రాస్తారు.

మోకాళ్ల నొప్పులు ఎక్కువై, నిరుడు ఆవిడ చర్లపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మొన్న సమాధి దగ్గర నేను గుర్తుపట్టని మొహాలు చాలా ఉన్నాయి. ఎప్పుడో ఆవిడ వార్డులో పడుకుని లేచినవాళ్లమని ఇద్దరు ముగ్గురు చెప్పారు.

నేను ఆవిడను చివరిసారి చూసింది రెండు నెలల కిందట. చెప్పకుండా వెళ్లాను. తలంటుకుని డాబా మీద ఉన్నారని కూతురు చెబితే మెట్లెక్కాను. ఇన్నేళ్లలో ఆవిడను ముడి లేకుండా నేను చూడలేదు. పీట మీద నాకు వీపు చేసి కూర్చున్నారు. తెల్లటి జుట్టు నడుము దాటి పీట దాకా పరుచుకుని ఉంది. కాస్త దూరంలో స్టేషన్‌లోంచి ఒక రైలు మెల్లగా కదులుతోంది. ఆవిడ దాన్నే చూస్తూ, వేళ్లతో జుట్టు పాయలు విడదీసుకుంటూ, ఎండకు పట్టి ఆరబెట్టుకుంటున్నారు. పిలవబోయి ఆగాను. రైలు చివరి పెట్టె కూడా వెళ్లిపోయేదాకా అక్కడే, పై మెట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను.