టాపు లేని జీపులో శుక్రవారాలు

మొన్న మధ్యాహ్నం మా అంగడి ముందు నుంచి ఒక ఆటో పోయింది. దాని టాపు వెనక అంచు చినిగి గాలికి టపటపా కొట్టుకుంటోంది. టార్పాలిన్ కత్తిరిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు చెవిన పడితే మస్తాన్ మామ అన్నం ముందు నుంచి కూడా లేచి వీధిలోకి వచ్చేవాడు. దబ్బనం, దారం పట్టుకుని బండికి అడ్డం నిలబడి, "నాలుగు కుట్లప్పా, నాలుగంటే నాలుగు. టాపు అట్లా మొత్తుకుంటాంటే నీకు వినపడల్యా?" అని డ్రైవరును తిట్టి, కుట్టి పంపేవాడు. నేను లేచి బయటికి వచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. చాలాసేపు ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.

మామ అంటున్నాను గానీ ఆయన నాకు చుట్టం కాడు. మా వైపు పెద్ద వయసు మగవాళ్లను అలా పిలవడం మామూలే. ప్రొద్దుటూరులో జీపులకు, ఆటోలకు టాపులు, సీట్లు కుట్టే అంగడి ఆయనది. నేను ఆయన దగ్గర మిషను తొక్కాను. అంగడి పెట్టక ముందు ఆయన పన్నెండేళ్లు కువైట్‌లో ఒక ఇంటికి కారు నడిపాడు. నల్ల అద్దాలు, ఏసీ, బిగించిన తలుపులు. తిరిగి వచ్చాక వేలంలో ఒక పాత జీపు కొని, మొదట చేసిన పని దాని టాపు ఊడదీయడం. ఆ టాపును ఇంకొకరి జీపుకు సరిచేసి బిగించాడు. తన జీపుకు మళ్లీ కుట్టలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన రోజూ ఎగతాళి చేసేవాడు. "ఊరందరి బండ్లకూ నీడ కుడతావు, నీ బండి సూడబోతే బోడిగుండు మాదిరి ఉండాది గదా మస్తానూ!" మామ నవ్వేవాడు. "పన్నెండేండ్లు ఎండను అద్దంలోనుంచి సూసినా నాయనా. ఇప్పుడు నా నెత్తిన పడనీ."

పదో తరగతి రెండుసార్లు తప్పిన నాకు మా ఊరి గ్రంథాలయమే కళాశాల. మొదటి బీరువా మొదటి అర నుంచి వరసగా చదువుకుంటూ పోయాను. తెలియని పదం కనిపిస్తే నిఘంటువులో వెతికి అరచేతి మీద రాసుకుని, మర్నాడు మిషను తొక్కుతూ వల్లించుకునేవాణ్ణి. ఆ గర్వం నాకు అప్పుడు బాగా ఉండేది. ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పలేను. అయితే గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. జుమా నమాజు కోసం మా అంగడికీ శుక్రవారమే సెలవు. ఆ ఒక్కరోజు నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఒక శుక్రవారం నేను మూసిన గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఉంటే, నమాజు నుంచి వస్తున్న మామ జీపు ఆపాడు.

"ఏం లైబ్రరీ, తలుపు తెరుస్తారని కాసుకోనుండావా? ఎక్కు."

"యాడికి మామా?"

"యాడికీ ల్యా. ఊరికే."

ఊరికే అనేది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పెళ్లి లేదు, చావు లేదు, కొనేది లేదు, అమ్మేది లేదు, అయినా ప్రతి శుక్రవారం ఇద్దరు మనుషులు బండెక్కి పోవడమేమిటని మా అమ్మ దిగులు పడేది. మామ ముప్పై దాటి నడిపేవాడు కాదు. ట్రాక్టర్లు కూడా హారను కొట్టి మమ్మల్ని దాటిపోయేవి. తొలకరిలో లింగాల వైపు పోతే ఎర్రనేల మీద శనక్కాయ విత్తుతూ ఉండేవాళ్లు. వాన వస్తే తడిసేవాళ్లం. కార్తీకంలో వీరపునాయునిపల్లె దగ్గర నల్లరేగడి చేలలో శనగ మొలక లేచేది. చలికాలంలో జమ్మలమడుగు రోడ్డు పొడుగునా పొద్దుతిరుగుడు పూలు. ఎండాకాలంలో పొద్దు వాలాక బయల్దేరి, పెన్న మీది వంతెన దాకా పోయి, ఇసుక మీద నుంచి వచ్చే సెగ మొహానికి తగలగానే తిరిగి వచ్చేవాళ్లం.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది మాఘమాసంలో పులివెందుల ప్రయాణం. పొద్దున్నే బయల్దేరి, జుమా అక్కడి మసీదులో చేసుకునేవాడు. నేను జీపులో కూర్చుని చదువుకునేవాణ్ణి. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు వారన ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. ఎవరిదో మాకు తెలియదు. పూత సమయంలో మామ అక్కడ ఇంజను ఆపేసి మాట్లాడకుండా కూర్చునేవాడు. టాపు లేకపోవడంతో వాసన పక్కల నుంచే కాదు, పైనుంచి కూడా వచ్చి మీద పడేది. "ఇదప్పా," అనేవాడు కాసేపటికి. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

మూడో ఏడు చలికాలం, జమ్మలమడుగు నుంచి వస్తున్నాం. ఎదురుగా రోడ్డు నిండా గొర్రెల మంద. నాకు చాలా దూరం నుంచే కనిపిస్తోంది. మామ బండి తగ్గించడం లేదు. ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. చివరికి "మామా!" అని అరిచాను. ఆయన తొక్కిన బ్రేకుకు బండి మందకు రెండు మూరల దూరంలో ఆగింది. గొర్రెల కాపరి కర్ర ఎత్తుకుని వచ్చాడు. "కండ్లు యాడబెట్టుకోని నడుపుతాండావయ్యా? కోటి రూపాయల బండి మాదిరి వస్తాండావే!" మామ ఇంజను ఆపేశాడు. దిగి, బండి ముందు నుంచి చేత్తో తడుముకుంటూ ఇటు వైపు వచ్చి, నన్ను జరగమన్నాడు.

"ఇంగ నువ్వే నడుపు," అన్నాడు. కాసేపటికి తనే చెప్పాడు. చక్కెర జబ్బు కళ్లకు పట్టిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా నిలవకపోవచ్చని డాక్టరు చెప్పి ఏడాది దాటిందట. ఇంట్లో కూడా చెప్పలేదట. ఆ ఏడాది శుక్రవారాలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేను ఊరికే తిరుగుతున్నాం అనుకున్నాను. ఆయన చూడవలసినవి చూసుకుంటున్నాడు.

మళ్లీ తొలకరి వచ్చేసరికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియడం లేదు. అయినా శుక్రవారం జీపు ఎక్కడం మానలేదు. "నువ్వు సెప్తా పో, నేను సూస్తా," అన్నాడు. నాకు లోపల సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. ఇన్నేళ్లు బీరువాలు బీరువాలు చదివింది ఇందుకే అనిపించింది. లింగాల దారిలో గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "మామా, పుడమితల్లి పచ్చని పట్టుచీర ధరించి..."

"ఆగాగు. ఏం పచ్చ?"

"పచ్చ... మామూలు పచ్చే."

"చిలకపచ్చా, నిమ్మపచ్చా, ముదురుపచ్చా? శనక్కాయకు ఎన్ని ఆకులొచ్చినాయి? పట్టుచీర నువ్వేమన్నా కుట్టినావా? చీర గీర వద్దు లైబ్రరీ, చేను చెప్పు."

బండి ఆపి దిగి, చేనులోకి పోయి ఆకులు లెక్కపెట్టి వచ్చి చెప్పాను. ఆ రోజు నుంచి అదే పని. సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఎడం, మబ్బు ఏ మూల, కూలీలు పోయేది ఇంటికా చేనికా, ఎద్దుల్లో ఏది నీరసంగా ఉంది. పుస్తకం చదవడం వచ్చిన నాకు చూడడం రాదని ఆ ఏడు తెలిసింది. నేను ఏదైనా సరిగ్గా చెబితే ఆయన తల నెమ్మదిగా ఆ వైపు తిరిగేది. అది చాలు నాకు.

తరువాతి మాఘంలో పులివెందుల దారి పట్టాం. చీనీ తోట దగ్గరికి వచ్చాం. చెట్లన్నీ నరికేశారు. బోరు ఎండిపోయి ఉంటుంది. మోకాలెత్తు మొద్దులు వరసలు వరసలుగా ఉన్నాయి. మామ మొహం అప్పటికే పక్కకు తిరిగి, పెదవి మీద ఒక చిన్న నవ్వుతో ఎదురుచూస్తోంది. ఏం చెప్పను? ఇంజను ఆపాను.

"పూత బాగుంది మామా," అన్నాను. "కొమ్మ కనపడకుండా పూసినాయి."

ఆయన ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "వాసన రాల్యా."

"గాలి అటు తిరిగింది మామా."

ఆయన తలుపు లేని ఆ పక్క నుంచి కాలు కింద పెట్టాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, తడబడుతూ పది అడుగులు వేశాడు. మోకాలికి మొద్దు తగిలింది. వంగి, రంపం కోత మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. పక్కదాని దగ్గరికి పోయి దాన్ని కూడా నిమిరాడు.

"నావి పోయినాయని ఊరుకుంటి," అన్నాడు లేచి. "నీ కండ్లు గూడా పోగొట్టినావు గదప్పా."

తరువాతి శుక్రవారం జీపు వాళ్లింటి ముందు ఆపితే, "ఈ వారం వద్దులే," అని లోపలి నుంచే కబురు పంపాడు. ఆ పై వారమూ అంతే. అంగడికి మాత్రం రోజూ వచ్చేవాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, పూర్తయిన టాపుల కుట్లను వేళ్లతో చూసేవాడు. పని మాట తప్ప ఇంకో మాట నాతో లేదు. లైబ్రరీ అని పిలవడం కూడా మానేశాడు. క్షమించమని అడగడానికి నాలుగుసార్లు నోరు తెరిచాను. నేర్చుకున్న పదాల్లో ఏది తీసినా పట్టుచీర లాగే అనిపించింది.

అలా నెలన్నర గడిచింది. ఒకరోజు ఒక ట్రాక్టరు టాపు జానెడు తక్కువ కత్తిరించాను. లోపలి మడతలో అతుకు వేసి కప్పేశాను. ఆయన వేళ్లు ఆ టాపు అంచంతా తిరిగి, "బాగుండాది" అన్నాయి అనిపించేట్టుగా ఆగిపోయాయి. నిజానికి అక్కడితో ఆ పని ముగిసిపోయేది. "మామా," అన్నాను, "జానెడు తక్కువ కోసినా. లోపల అతుకేసినా. వానకు నీళ్లు దిగుతాయి."

ఆయన ఆ అతుకును వెతికి వెతికి పట్టుకున్నాడు. "నాకు దొరకల్యా గదప్పా ఇది." టాపును నా ఒడిలోకి తోశాడు. "ఇప్పి మళ్లీ కుట్టు." కాసేపటికి మళ్లీ అన్నాడు. "శుక్రవారం బండి కడిగి పెట్టు లైబ్రరీ."

మరుసటి ఎండాకాలానికి జబ్బు మూత్రపిండాలకు పాకింది. ఆయన మంచం దిగలేకపోయాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ బాగున్నావు మస్తానూ, తేరుకున్నావు అని చెప్పి పోయేవాళ్లు. ఒక గురువారం నేను వెళ్తే, ఆయన భార్య నూర్జహాన్ అత్త నన్ను వాకిట్లోనే ఆపింది. "బాగుండావని చెప్పప్పా. మా మాట నమ్మడంల్యా. నువ్వు చెప్తే నమ్ముతాడు," అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె నన్ను అంతకు ముందు ఎన్నడూ ఏదీ అడగలేదు. సరే అన్నట్టు తలూపాను.

మామ నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టాడు. "నా మొగం ఎట్లుండాదో చెప్పు."

అత్త గడప దగ్గర నిలబడి ఉంది. నాకు చీనీ మొద్దుల మీద ఆయన అరచెయ్యి కనిపించింది.

"చెంపలు లోపలికి పోయినాయి మామా," అన్నాను. "కండ్ల కింద వాపుండాది. పెదాలు ఎండిపోయి పొలుసు లేస్తాండాయి. గడ్డం ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ గొరిగినారు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఎక్కువ దినాలు ల్యావు గదా అట్లయితే. రేపు పోదాం. మీ అత్తను గూడా ఎక్కించు, పట్టుకోవల్ల గదా."

మర్నాడు పొద్దు వాలాక, ముందు సీటులో రెండు దిండ్ల మధ్య ఆయనను కూర్చోబెట్టాం. అత్త వెనక నుంచి ఆయన భుజాలు పట్టుకుంది. నా మీద కోపం తగ్గలేదు. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఇరవైలో నడిపాను. పెన్న మీది వంతెన ఎక్కగానే టైర్ల మోత మారింది. మామ తల ఎత్తాడు. "చెప్పు," అన్నాడు. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఏట్లో చుక్క నీళ్లు ల్యావు. ఇసుక తెల్లగా ఉండాది. ఆడాడ కంపచెట్లు. రెండు ఎనుములు పండుకోనుండాయి." జారుతున్న దిండును సర్దింది. "ఇంత దగ్గరుండాదని నాకు తెల్దు. ఇన్నేండ్లు తిరిగినావు, ఒక్క శుక్రవారమన్నా నన్ను ఎక్కమనకపోతివి."

నేను బండి ఆపాను. ఇన్నేళ్లు నేను కూర్చున్న సీటు ఎవరిదో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆకులు లెక్కపెట్టడం నేర్చుకున్నవాణ్ణి, వాళ్ల ఇంటి గుమ్మంలో ప్రతి శుక్రవారం నిలబడి మమ్మల్ని సాగనంపిన మనిషిని చూడలేకపోయాను.

మామ తన భుజం మీది ఆమె చేతిని తడిమి పట్టుకున్నాడు. "నిజమే నూర్జహాన్," అన్నాడు. "నాకు కండ్లున్నప్పుడు గూడా అది కనపడల్యా." మళ్లీ ఏటి వైపు తిరిగాడు. "ఇంగా ఏముండాది, చెప్పు."

ఆమె చెబుతూ ఉంది. పొద్దు గుంకే దాకా చెప్పింది. ఆయన తల ఆమె చెప్పిన ప్రతి వైపుకూ నెమ్మదిగా తిరిగింది.

వానలు పడక ముందే ఆయన వెళ్లిపోయాడు. అంగడి ఇప్పుడు నేను నడుపుతున్నాను. జీపుకు టాపు కుట్టలేదు. గ్రంథాలయంలో కొత్త బీరువాలు వచ్చాయి, చదువుతూనే ఉన్నాను. శుక్రవారం మధ్యాహ్నం అత్త పనులు ముగించుకుని వచ్చి ముందు సీటులో కూర్చుంటుంది. నేను చూసింది నేను చెబుతాను, ఆమె చూసింది ఆమె చెబుతుంది. ఒక్కోసారి ఒకే చేను గురించి ఇద్దరి మాటా కలవదు. అప్పుడు బండి ఆపి, ఇద్దరం దిగి, దగ్గరికి పోయి చూస్తాం.