మామ అడాప్టర్, నా ఒక్క తెల్లచీర

1949 జూన్ 12, ఆదివారం మధ్యాహ్నం. చిలకలగూడ ఇల్లు. ఉన్నవాళ్లు: అమ్మ, అమ్మ తమ్ముడు, పక్కింటి ఖాలా, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఇన్నేళ్ల తర్వాత చదివినా ఒళ్లు మండుతుంది.

మర్నాడు నేను ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాలి. పోలీసు చర్య జరిగి తొమ్మిది నెలలు. ఆ బడిలో తెలుగు చెప్పడానికి అప్పుడే కొత్తగా ఒక ఉద్యోగం వేశారు. టీచర్లు తెల్లచీర కట్టుకునే రావాలని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పింది. నాకున్నది ఒక్కటే. గంజి పెట్టి ఆరేసి ఉంచాను.

మామ ఓడలో స్టోర్‌కీపరు. ఈసారి అమెరికా రేవులో కొన్న కరెంటు ఇస్త్రీపెట్టె తెచ్చాడు. దాని ప్లగ్గుకు రెండు చదును పుల్లలు. మా ఇంట్లో గోడకు ప్లగ్గే లేదు, గది నడుమ వేలాడే బల్బు తప్ప. అందుకే బొంబాయిలో దిగగానే ఒక అడాప్టర్ కొన్నాడు. దాని పైకొస బల్బులా హోల్డరులో బిగుస్తుంది, కిందివైపు ఆ పుల్లలు దూరతాయి.

ఖాలా అంటే పిన్ని; పక్కింటి ముస్లిం ఆవిడను మేం అలాగే పిలిచేవాళ్లం. బట్టలు కుట్టే ఆ ఖాలా అంది: “మా ఇంట్ల బొగ్గుల పెట్టె గరంగనే ఉంది బిడ్డా, తీస్కపో.”

“నిజాం రియాసత్ పోయింది గని మీ బొగ్గులు పోలేదా ఆపా?” అని మామ నవ్వాడు.

నేను పెట్టె మీది రేకు చదివాను. 110 వోల్టులు. వెళ్లి మీటరు చూశాను. 230.

“మామా, మన కరెంటు దీనికి రెండింతలు. వద్దు.”

“ఏందే పిల్ల, దునియా తిరిగొచ్చినోనికి నువ్వు చెప్తవా? సందుల బరాబర్ కూసుంది సూడు. ఇగ తక్లీఫేంది?”

“కూసుంటే అయిపోతదా మామా—”

“నోర్మూస్కో జెర,” అంది అమ్మ. “మామకు ఎదురు మాట్లాడుతవా?”

బల్బు తీసి అడాప్టర్ బిగించి, మామ తన చేత్తోనే ఇస్త్రీ షురూ చేశాడు. రెండు నిమిషాలు కాలేదు. పొగ లేచింది, ఫ్యూజు కొట్టేసింది. చీర మీద పెట్టె అచ్చు నల్లగా పడింది.

“మీ కరెంటే గిట్లుంది!” అని అరిచాడు మామ. “ఇంకా ఇండియాల సక్కగ కలవలే!”

“కరెంట్ కలవకుంటే నీ చెయ్యికేమైంది తమ్మీ? జెర లేపరాదా?” అంది ఖాలా.

మామ నోట పశ్చాత్తాపపు మాట ఒక్కటీ రాలేదు. ఇప్పటికీ ఎవరైనా పరదేశం పోతూ “అడాప్టర్ ఉంది కదా” అంటే నాకు కోపమొస్తుంది. అది పుల్లలకు సందు చూపిస్తుందే తప్ప కరెంటును మార్చదు. రేకు మీద రాసి ఉన్నది చదవడానికి ఓడెక్కాలా?

మర్నాడు పొద్దున కాలిన చోటు కుచ్చిళ్ల లోపలికి పోయేలా చీర కట్టుకున్నాను. “ఎవరన్న అడిగితే చాకలోడు కాల్చిండని చెప్పు. మామ ఇజ్జత్ తియ్యకు,” అంది అమ్మ. ఏ పాపం ఎరుగని చాకలి మీద ఎందుకు వెయ్యాలి?

బళ్లో రిజిస్టరులో సంతకానికి వంగినప్పుడు కుచ్చిళ్లు విడిపోయి మచ్చ బయటపడింది. హెడ్‌మిస్ట్రెస్ చూసింది.

“మా మేనమామ కాల్చాడండీ. వద్దని చెప్పాను, వినలేదు,” అన్నాను.

ఆమె చాక్‌పీసుల డబ్బా నా చేతికిచ్చి, నాలుగో తరగతి ఎటో చూపించింది.