నా కిల్న్‌కి సిల్వర్ పెయింటు

నేను చేసిన సిమెంటు ఫ్యాక్టరీ మోడల్‌లో కిల్న్‌కి సిల్వర్ పెయింటు కొట్టారు. నన్ను ఒక్కమాట అడగలేదు. పైగా ఈ ముసలాయన వేసిన రంగు దానంతటదే ఊడిపోయిందని నందిగామలో చెప్పారు.

ఇది నిరుడు దసరా వెళ్లాక జరిగిన సంగతి. ఫ్యాక్టరీ జగ్గయ్యపేట దగ్గరే, పేరు రాయను. అంతకు నాలుగేళ్ల ముందు వాళ్ల రిసెప్షన్ హాల్లో గాజు పెట్టెలో పెట్టుకోవడానికి ఆ మోడల్ నాతో చేయించుకున్నారు. కిల్న్ అంటే సున్నపురాయిని కాల్చే పెద్ద ఇనుప గొట్టం. పడుకోబెట్టినట్టుండి మెల్లగా తిరుగుతుంటుంది. నా మోడల్‌లో అది మూరెడు పొడవు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. హైవే పక్కన లారీలకు రంగులేసే షెడ్డులో మొదలుపెట్టాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివి స్కేల్ మోడల్స్ చెయ్యడం నేర్చుకున్నాను. నందిగామలో ఒక గది, ఒక కంప్రెసర్, ఒక ఎయిర్‌బ్రష్, అంటే పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రే గన్. దుమ్ము పడకూడదని తలుపు వేసుకుంటాను, ఫ్యాను ఆపేస్తాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర “ఒక టీ” అన్నదే ఆ రోజుకి నా మొదటి మాట. చాలాసార్లు గొంతు పెగలక రెండోసారి చెప్పాల్సి వస్తుంది.

మెటాలిక్ పెయింటులో మెరిసేది రంగు కాదు, సన్నటి అల్యూమినియం పొడి. ఆ పొడి రేకులు పరిచినట్టు పడితేనే లోహంలా కనిపిస్తుంది. ముందు అడుగుపూతగా ప్రైమర్, దాని మీద నిగనిగలాడే నలుపు, అది పూర్తిగా ఆరాక పొగలాగా పలచగా మెటాలిక్. లోపలి నలుపు కాస్త తెలుస్తుంటేనే చూసేవాడికి అది ఇనుము. నలుపును పూర్తిగా మూసేస్తే అది ఆటబొమ్మ. కిల్న్ ఒళ్లంతా ఒకే రంగు ఉండదు. మంట ఉండేచోట వేడికి కమిలిన నీలం, అవతలి చివర బూడిద. రోలర్ల మీద ఒరుసుకునే టైర్లు, అంటే గొట్టానికి తొడిగిన కడియాలు, అద్దంలా ఉంటాయి. దీని మీద క్లియర్ కోటు, అంటే రక్షణగా వేసే పారదర్శకమైన పొర, వేస్తే మెరుపు చచ్చిపోతుంది. అందుకే వేయలేదు. గాజు పెట్టె తియ్యొద్దని, చెయ్యి పెట్టొద్దని చెప్పి మరీ వచ్చాను.

నాలుగేళ్లు అది చెక్కుచెదరలేదు. నిరుడు దసరా వెళ్లాక, కీసర వంతెన మోడల్ చేయించుకుంటానని నాతో మాట్లాడుకున్న నందిగామ కాలేజీ కరస్పాండెంటు గారు వద్దనేశారు.

“మీ రంగులు నిలవట్లేదంట కదండీ? ఫ్యాక్టరీవాళ్లే చెప్పారు.”

ఆ పూటే జగ్గయ్యపేట బస్సెక్కాను. కిల్న్‌ని చూస్తే కడుపు మండిపోయింది. బ్రష్షు చారలు, రోలర్ పక్కన కారి గడ్డకట్టిన బొట్టు. నీలం లేదు, బూడిద లేదు. అడ్మిన్ ఆఫీసరు కుర్రాడే, నవ్వుతూ వచ్చాడు.

“ఏంటి మాస్టారూ, మీదీ వెండి రంగే, మేం వేయించిందీ వెండి రంగే. దీనికింత గొడవెందుకు?”

“వెండి రంగు గేట్లకేస్తారు బాబూ. అసలు నా రంగేమైంది?”

“ఊడిపోయిందండి.”

“ఊడితే పెచ్చులు రాలాలిగా? ఏవీ?”

“అవి మేం దాచిపెట్టుకుంటామా ఏంటండీ?” అని ఫోన్ మోగితే లోపలికి వెళ్లిపోయాడు.

హాలు తుడిచే ఆమె ఇదంతా విన్నది. ఆమెను సువార్తమ్మ అనుకోండి, అసలు పేరు వేరు. మంచినీళ్లు ఇస్తూ గొంతు తగ్గించి చెప్పింది. “నా మీద పెట్టమాకండి తాతగారూ. ఆయుధ పూజకి మిషన్లన్నిటికీ బొట్లు పెట్టారా, దీనికి పెట్టకపోతే బాగోదని పెట్టె తీసి గంధం, కుంకుమ పెట్టారు. అది ఎండిపోయి తడిబట్టకి రాలా. పెయింటు స్టోర్లోంచి తిన్నర్ తెచ్చి రుద్దారు. నల్లగా బయటపడింది. పెద్ద సార్లొస్తున్నారని అప్పటికప్పుడు సిల్వర్ కొట్టించారు.”

బొట్టు పెట్టినందుకు నాకు కోపం లేదు. దసరాకి నా కంప్రెసర్‌కీ నేను పెడతాను. రంగుని కరిగించే తిన్నర్‌తో తుడిచింది వాళ్లు, నిలవలేదన్న మాట పడింది నేను. నా మండిపాటు అదీ.

ఆఫీసరు బయటికి రాగానే సువార్తమ్మ మాట ఎత్తకుండా గాజు పెట్టె తీయించాను. సంచిలో ఉన్న చిన్న అద్దాన్ని కిల్న్ అడుగున పెట్టి చూడమన్నాను. అక్కడికి వాళ్ల బట్టా వెళ్లలేదు, బ్రష్షూ వెళ్లలేదు. నీలం నీలంగా, బూడిద బూడిదగా అంతా అట్లాగే ఉంది. గోరుతో గీకి చూపించాను. పొడి కూడా రాలలేదు.

అతను వంగి చూశాడు. “బాగానే ఉంది. కానీ కిందెవరు చూస్తారండీ?”

“నందిగామ ఆయనకి మీరే ఫోన్ చేసి చెప్పండి, ఊడలేదు, మేమే తుడిచామని. ఆ కిల్న్ విప్పి నాకివ్వండి. పైసా తీసుకోకుండా మళ్లీ వేసిస్తా.”

“చూద్దాంలెండి.”

తరవాత చాలాసార్లు వెళ్లాను. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్లు. ఎదురుగా అదే కిల్న్. వచ్చేపోయేవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటే, అది నేను చేసిందని చెప్పుకోవడానికి నాకే నోరు రాలేదు.

ఈ దెబ్బతో ఒకటి నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ మోడల్ చేసినా దాని పీటకి ముందువైపు ఒక ఇత్తడి పలక బిగించి ఇస్తున్నాను, బొట్టు అక్కడ పెట్టుకోమని. పండగ మానమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. పండక్కి మనమే చోటు చూపించాలి. ఇక మెటాలిక్‌కీ సిల్వర్‌కీ తేడా చూసే కన్ను మాత్రం ఏ పలక బిగించినా వచ్చేది కాదు.

మొన్న సంక్రాంతి దాటాక, గదిలో ఎయిర్‌బ్రష్ కడుక్కుంటుంటే ఆ ఆఫీసరు దగ్గర్నుంచి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

“మాస్టారూ, నందిగామ సార్‌కి ఫోన్ చేసి చెప్పేశా. రంగు ఊడలేదు, మావాళ్లే తిన్నర్ పెట్టి తుడిచారని చెప్పా. మీ మాట దక్కింది, సరేనా? కిల్న్ మాత్రం ఇవ్వలేమండి. మీరు మళ్లీ ఆ నల్ల రంగేస్తే పాతబడిపోయినట్టు ఉంటదంటున్నారు మావాళ్లు. చూసినోళ్లంతా ఇప్పుడే బాగుందంటున్నారు.”