జాడీ మీద పొత్రం

నాన్న పోయిన మూడో ఆదివారం గుడిలో ప్రభువు బల్ల ఇచ్చారు, ఏసు పేరున రొట్టే ద్రాక్షరసమూ. గిన్నె నోటి దగ్గరకు రాగానే, ఆ పుల్లటి వాసనకు తిరువూరులోని మా వంటిల్లు గుర్తొచ్చింది.

డెబ్బైల్లో, నేను మూడో తరగతి. బడిపంతులైన నాన్న పెరట్లో పందిరి వేసి ద్రాక్ష పెంచేవాడు. ఆ ఏడాది పళ్లు చిదిమి, పంచదార కలిపి, ఊరగాయ జాడీలో పోసి పల్చటి గుడ్డ కట్టాడు. మూడో రోజుకి జాడీ బుసబుసమంది. అచ్చం సారా కొట్టు వాసన. తాగొద్దని గుడిలో అందరికీ చెప్పే నాన్న ఇంట్లో సారా చేస్తున్నాడనుకున్నాను.

ఆ సాయంత్రమే పాస్టరు అయ్యగారు వచ్చి వసారాలో కూర్చున్నారు. ఆయనకు తెలిస్తే నాన్నను గుడిలోంచి వెళ్లగొడతారు. గుడ్డ తీసేసి, మూత పెట్టి, దాని మీద సన్నికల్లు పొత్రం ఎత్తి పెట్టాను. కాసేపటికి మూత అంచున నురగ చిమ్మసాగింది. రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

"మాష్టారూ, మన బల్లకి రసం ఎందాకా వచ్చిందండీ?" అన్నారు అయ్యగారు.

"చూపిస్తా రండి," అంటూ నాన్న లోపలికొచ్చి ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది?"

"వాసన రాకుండా, నాన్నా. అయ్యగారు నిన్ను వెళ్లగొడతారు."

"అయితే ముందు నన్ను వెళ్లగొట్టాలి. చెయ్యమన్నది నేనేగా!" అని అయ్యగారు నవ్వారు.

నాన్న నవ్వలేదు. పొత్రం దించగానే రసం పొంగి నేలంతా కారింది.

"దానికి గాలాడాలమ్మా. బిగిస్తే జాడీ పగిలిపోతుంది," అంటూ ఎర్రబడ్డ నా అరచేతులు తుడిచాడు.

నాన్న పోయాక నేను ఏడవలేదు. ధైర్యంగా ఉన్నానని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఆదివారం గిన్నె పక్కావిడకి అందించి, అందరి ముందే ఏడ్చాను.