మామ టెంపో బోణీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. అంత తెలివి ఒక్క మనిషిలో ఎలా పట్టిందో, తర్వాత ఎటు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. కెమికల్ ఇంజనీరింగ్ ముగించి, పరాయి రాష్ట్రంలో హజీరా అనే చోట ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర ట్రైనీగా చేరిన కొత్త. నా పని మంటలు చూడటం. ఇంధనం ఎంత పోతోంది, గాలి ఎంత పోతోంది, మంట నీలంగా ఉందా పసుప్పచ్చగా ఉందా అని చిన్న అద్దంలోంచి చూసి పైవాళ్లకు చెప్పడం. (వాళ్లకది ముందే తెలుసు. వాళ్లకు తెలుసన్న సంగతి నాకు తెలియదు.) దాంతో లోకంలో మండేదల్లా నా శాఖ కిందికే వస్తుందని గట్టి నమ్మకం కుదిరింది. ఎవరింట్లో గ్యాస్ పొయ్యి ఎర్రగా మండినా, పిలవకపోయినా వెళ్లి ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

మా మేనమామ అక్కడికి దగ్గర్లోనే బమ్రోలి అనే పేటలో ఉండేవాడు. మీసాలు రాకముందే సిరిసిల్ల నుంచి వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరిన మనిషి. ఆ చప్పుడుకి ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదైనా మిగలాలని అత్త పోరు పెట్టగా పెట్టగా, ఆ ఏడు దసరాకి పాత డీజిల్ టెంపో ఒకటి కొన్నాడు, మూడు చక్రాలది. కార్ఖానాకి ఇక రానని చెప్పేశాడు కూడా. దసరా నాడు పూజ చేసి, తిన్నగా కిమ్ అనే ఊళ్లో ఒక సేఠ్ గోదాముకి బట్టల తానులు చేర్చాలి. బోణీ కిరాయి అదే. అది సరిగ్గా జరిగితే రోజూ పనిస్తానని సేఠ్ మాటిచ్చాడు. పూజ మాత్రం నా చేతుల మీదుగానే జరగాలని మామ పంతం. "మా కోడలు పిల్ల ఇంజనీరు. బండికి ఆమె చెయ్యి తగిలితే సాలు, ఇగ ఆగది" అని గల్లీ అంతా చాటుకున్నాడు.

ఆ పొద్దున పట్టుచీర కట్టుకుని, నేనుండే అడాజన్‌లో చాంతాడంత వరుసలో నిలబడి, దసరా నాడు అక్కడ అందరూ తినే ఫాఫ్డా-జలేబీ పొట్లం కొనుక్కుని దిగాను. అత్త ముగ్గుపిండి డబ్బా చేతికిచ్చి, "టెంపో ముంగట జర ముగ్గెయ్యి బిడ్డా" అంది. పద్మం వేస్తే అందరికీ నాకూ తేడా ఏముంది? పెద్దవి నాలుగు గడులు గీసి ఒక్కోదాంట్లో పిస్టన్ వేయడం మొదలుపెట్టాను. చుట్టూ జనం మూగారు. పక్కింటి రేడియో పెద్దమ్మ అందరికంటే ముందుకొచ్చి నిలబడింది. (గల్లీలో వార్తలన్నీ ఆవిడ నోటి నుంచే వెలువడతాయి గనక ఆ పేరు.)

"సూడు మామా, మొదటి గడిల గాలి లోపలికొస్తది. రెండో దాంట్ల పిస్టన్ ఆ గాలిని నొక్కుతది. గట్టిగ నొక్కేసరికి గాలి మస్తు కాగుతది. మూడో దాంట్ల డీజిల్ చిమ్మితే అగ్గిపుల్ల లేకుండనే అంటుకుంటది. డీజిల్ల ఉన్న కార్బన్, హైడ్రోజన్ పోయి గాలిల ఆక్సిజన్‌తోని కలుస్తయి. కార్బన్ డయాక్సైడ్, నీళ్ల ఆవిరి పుడ్తయి. అవి వేడికి ఉబ్బి పిస్టన్‌ను నూకుతయి. నీ బండి నడిచేది గా నూకుడుతోనే."

"మంటల నీళ్లు పుడ్తయా!" అన్నాడు మామ నోరు తెరిచి. నా జన్మ ధన్యమైంది. నాలుగో గడికొచ్చేసరికి ముగ్గుపిండి అయిపోయింది. "గీడ ఏం లేదు, మండినంక మిగిలిన పొగ బయటికి పోతది, గంతే" అని చేతులు దులుపుకున్నాను.

ఇక పూజ. పసుపు, బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, అంతటా బంతిపూల దండలు. అగరుబత్తులు అరటిపండుకు గుచ్చడం మన ఇళ్లలో ఆనవాయితీయే కదా. కానీ పండు పెట్టడానికి టెంపో మీద చదునైన చోటేదీ కనిపించలేదు. వెనక్కి వెళ్లి చూస్తే, కింద చక్కటి గుండ్రటి గొట్టం, దేవుడు అందుకే చేయించినట్టు. పండు దోరది, గట్టిగా ఉంది. జారిపోకుండా తిప్పి తిప్పి దిగ్గొట్టి, అగరుబత్తులు గుచ్చి, పైనుంచి లావుపాటి దండ వేలాడదీశాను. అగరుబత్తులు కాలిపోయాక ఆ దండ వెనక ఏముందో ఎవరికీ కనపడలేదు, నాకు గుర్తూ లేదు.

కొబ్బరికాయ కొట్టాక మామ తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఆగింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. అందరూ నా వైపు చూశారు. నేను కొంగు బిగించాను. డీజిల్ ఉంది. గాలి లోపలికి పోయే జాలీ విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. ఇంధనమూ గాలీ ఉన్నాక మంట రాలేదంటే నా చదువు ప్రకారం ఇంజనే చెడిపోయి ఉండాలి.

"లోపల మొత్తం అరిగిపోయింది మామా. రంగేసి నీకు అంటగట్టిండ్రు. మంచిగ మోసపోయినవ్. కొనే ముందు నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

గల్లీ అంతా వినేలా అన్నాను. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే మామ కొట్లాటకు దిగేవాడు. అన్నది నేను గనక నమ్మేశాడు. మొహంలో అప్పటిదాకా ఉన్న వెలుగంతా పోయింది. అత్త కొబ్బరిచిప్ప పట్టుకుని గడప మీద కూలబడింది. మామ ఫోన్ తీసి, ఆవేళ బండి రాదని హిందీలో చెప్పాడు. "సేఠ్, ఆజ్ గాడీ నహీ ఆయేగీ. ఇంజన్ ఖరాబ్ హై. మేరీ భాంజీ ఇంజనీర్ హై, ఉసీనే బోలా." ఆ దుఃఖంలోనూ మేనకోడలి చదువు గొప్పే చెప్పుకుంటున్నాడు.

టెంపో దారికి అడ్డంగా ఉందని నలుగురూ కలిసి నెట్టారు. సీట్లో కూర్చున్న మామ గేరు వేసినట్టున్నాడు, ఆ నెట్టుడుకి ఇంజన్ తిరిగింది. ఠప్పుమని ఒక పేలుడు! దండ తెగింది, అరటిపండు గాల్లోకి లేచింది, లేచి రేడియో పెద్దమ్మ కొత్త చీర మీద మెత్తగా వాలింది. టెంపో డుగడుగమంటూ హాయిగా నడవసాగింది.

పెద్దమ్మ ఆ గుజ్జునీ, అందులో గుచ్చుకుని ఉన్న అగరుబత్తి పుల్లనీ, నన్నూ వరసగా చూసింది. "ఏందమ్మా ఇంజనీరమ్మా! బండికి నైవేద్యం ఎన్కనించి పెట్టాల్నని సదివినవా కాలేజీల?"

బమ్రోలి అంతా నవ్వింది. ఆ నవ్వులు నేను తట్టుకోగలను. మామ మళ్లీ సేఠ్‌కు ఫోన్ చేయడం మాత్రం చూడలేకపోయాను. సరుకు అప్పటికే ఇంకో టెంపోకి ఎక్కించారట. "కోయీ బాత్ నహీ సేఠ్" అని, పర్లేదన్నట్టు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయి, చెప్పులు వెతుక్కుని మెల్లగా జారుకోబోయాను.

"ఏడికి? బోణీ కావద్దా? ఎక్కు!" అన్నాడు మామ.

తానులు ఎక్కాల్సిన చోట నేనెక్కాను. పట్టుచీరతో, వెనక కమ్మీ పట్టుకుని, మిగిలిన బంతిపూల మధ్య నిలబడి తాపీ నది వంతెన దాటాను. సిటీ బస్సులోంచి జనం తొంగి తొంగి చూశారు. అడాజన్‌లో మా సొసైటీ గేటు ముందు దిగి, దసరాకి బంగారమని పెద్దల చేతిలో పెట్టమని అత్త ఇచ్చిన జమ్మి ఆకులు మామ చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, గొణిగాను. "తప్పయింది మామా. అందరి ముంగట నిన్ను అట్ల అన్న."

"ఏంది?" అన్నాడు మామ. చెవిటి చెవి వైపు నిలబడ్డాను నేను.

ఈసారి ఇంజన్ చప్పుడు కంటే పెద్దగా అరవాల్సి వచ్చింది. "తప్పయింది మామా! నువ్వు మోసపోలే! నాకే తెల్వలే!" వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. పైఅంతస్తు కిటికీలోంచి నా రూమ్మేట్లు తొంగిచూశారు. మామ ఆకులు కళ్లకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "బంగారం ఇచ్చినవ్ గదా బిడ్డా, బోణీ అయింది. ఇగ పో."

ఆ సేఠ్ మళ్లీ పిలవలేదు. వేరే కిరాయిలు కుదిరేదాకా మామ చాలా కష్టపడ్డాడు, ఆ సంగతి నాకు అత్త ద్వారానే తెలిసింది. ఇప్పుడు బాయిలర్ల దగ్గర నా కింద కొత్త ట్రైనీలు ఉన్నారు. మంట నిలవకపోతే వాళ్లు ఇంధనం చూస్తారు, గాలి చూస్తారు. నేను ముందు పొగ పోయే దారి చూడమంటాను. ఎందుకని అడిగితే అనుభవం అని గంభీరంగా చెబుతాను.

ప్రతి దసరాకి మామ ఫోన్ వస్తూనే ఉంది. "జల్ది రా బిడ్డా, పూజ నువ్వే జెయ్యాలె. అగరుబత్తులు మాత్రం నేను పెడ్త." వెళతాను. అందరూ టెంపో ముందు నిలబడి దండం పెట్టుకుంటారు. నేను వెనక్కి వెళ్లి, వంగి, గొట్టం ఖాళీగా ఉందని చూసుకుని, నా దండం అక్కడే పెట్టుకుంటాను.