సప్పుడు చెయ్యని మంచం

గోదావరిఖని దవాఖానలో నేను నర్సుగా చేరినప్పుడు హెడ్ సిస్టర్‌ను అందరం అక్క అనేవాళ్లం. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి ఉరికేదాన్ని నేను. సెలైన్, కట్టు, సూది, ఏదీ సగం దాటేది కాదు. ఒక పొద్దున ఏడుపొచ్చి వార్డు మధ్యలో నిలబడిపోయాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "జర ఆగు పిల్లా. సప్పుడు చేస్తలేనిది ఎవరు?"

మూల మంచం మీద ఒక కాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముట్టుకుంటే ఒళ్లు చల్లటి చెమట. ముందు ఆయన్నే చూశాం. బతికాడు.

"మా నాయిన బొగ్గుబాయిల పనిచేసెటోడు. పెటపెటమనే బాయి పైకప్పు ముందే చెప్పి కూలుతది, సప్పుడు చెయ్యనిదాన్నే ముందు చూడాలె అనెటోడు," అంది అక్క, చేతులు కడుక్కుంటూ. ఆ తర్వాత రోజూ షిఫ్టు ఎక్కగానే అదే ప్రశ్న అడిగేది.

ఆమె రిటైరైన రోజు వార్డంతా దండలు, ఫొటోలు, నవ్వులు. నేను మాత్రం మందుల అల్మారా పక్కన ఒక్కదాన్నే నిలబడ్డాను. అక్క అందరినీ దాటుకుని ముందు నా దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు ఆ ప్రశ్న నేను అడుగుతున్నాను. షిఫ్టు దిగేటప్పుడు మాత్రం, అక్క వస్తుందేమో అన్నట్టు, ఆ అల్మారా పక్కన కాసేపు చప్పుడు చెయ్యకుండా నిలబడతాను.