దానం కాలు మీద అర్జీ

నేను మనుషుల్ని ఊరికే నమ్మను. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని. పరీక్ష హాల్లో ఏ పిల్లవాడి చూపు ఎటు పోతోందో వాడి వెనక నుంచే చెప్పేదాన్ని. రిటైరయ్యాక కొత్తపేట దగ్గర మా అత్తవారి కొబ్బరితోటలో ఇల్లు కట్టుకున్నాను. అక్కడ నా అనుమానానికి దొరికిన మొదటి మనిషి దానం.

దానం దింపు కార్మికుడు. నలభై ఐదు రోజులకోసారి వచ్చి, చెట్లెక్కి కొబ్బరి గెలలు కోస్తాడు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు మోకాలి కింద ఎండిపోయింది. మూడు చక్రాల బండి దిగి, కర్ర ఊతంతో ఒక పక్కకు ఒరిగిపోతూ చెట్టు దగ్గరికి వస్తాడు. కర్రను చెట్టు మొదలుకు ఆనించి, నడుముకు మోకు చుట్టుకుని, కుడికాలికి తాడు తగిలించుకుంటాడు. ఇక చూడాలి. చేతులతో మానును కావలించుకుని ఉడతలా పైకి పోతాడు. పైగా పాట ఒకటి. నేలమీద పది అడుగులు సరిగా వేయలేనివాడు నలభై అడుగుల చెట్టు ఎక్కడమేమిటి?

"కాలు ఇబ్బంది పెట్టదా?" అని ఒకసారి అడిగాను.

"దానికి చెట్టు మీద పనేముందండీ? గాలికోసం నాతోపాటు వస్తుందండీ, అంతే," అన్నాడు నవ్వుతూ.

అంతలా నవ్వే మనిషి ఏదో దాస్తున్నాడనిపించింది నాకు. ఎవరూ చూడనప్పుడు మామూలుగా నడుస్తాడేమోనని అరటిచెట్ల చాటున నిలబడి కనిపెట్టాను. కుంటుతూనే వెళ్లాడు. నన్ను చూసే ఉంటాడు, అందుకే కుంటుతున్నాడు అనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు. నా భూతానికి నేను మూడు పూటలా తిండి పెట్టాను.

చివరికి చెట్లెక్కే మనిషి వికలాంగుల పెన్షను తీసుకుంటున్నాడు, విచారించండి అని అధికారులకు ఒక అర్జీ రాసి, సంతకం పెట్టకుండా పోస్టులో వేశాను.

రెండు నెలలకు దానం పేర నోటీసు వచ్చింది. అమలాపురంలో డాక్టరు మళ్లీ పరీక్ష చేస్తారు. కాలు బాగుందని తేలితే సర్టిఫికెట్టు రద్దవుతుంది, పెన్షను ఆగిపోతుంది. అతను భార్య మరియమ్మను వెంటబెట్టుకుని సరాసరి నా దగ్గరికే వచ్చాడు. రాసింది నేనేనని తెలిసిపోయిందేమో అనుకున్నాను.

"ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసేరంటండీ. నేను మీ తోటలో దింపు తీస్తానని ఒక కాయితం రాసిపెట్టండి టీచరుగారండీ."

"అలా వద్దండీ," మరియమ్మ అడ్డుపడింది. "ఇంట్లోనే కూర్చుంటారని రాయండి. చెట్టెక్కుతారంటే కాలు బాగుందనుకుంటారండీ. వానాకాలమంతా దింపు ఉండదు, ఆ పెన్షనే కదండీ మాకు."

"ఇరవై ఏళ్ల నుంచి ఎక్కుతున్నాను. చేసే పనిని చెయ్యట్లేదని ఎలా చెప్పనండీ? అదేమన్నా దొంగపనాండీ?" అన్నాడు దానం.

తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడనుకుని, అతను చెప్పినట్టే రాసిచ్చాను. గుట్టు బయటపడటం కళ్లారా చూడాలని వాళ్లతోపాటు ఆటో కూడా ఎక్కాను.

"ఏం పని చేస్తుంటావు?" అని అడిగారు అమలాపురంలో డాక్టరుగారు.

మరియమ్మ మోచేత్తో పొడిచింది. అయినా దానం, "కొబ్బరి దింపు తీస్తానండీ," అన్నాడు.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టి అతన్ని బల్లమీద పడుకోబెట్టారు. రెండు కాళ్లూ టేపుతో కొలిచి, ఎడమపాదం పైకి లేపమన్నారు. లేవలేదు. మళ్లీ లేపమన్నారు. దానం పళ్లు బిగించాడు, నుదురంతా చెమట పట్టింది, పాదం మాత్రం వేలాడుతూనే ఉంది. నేను చాటుగా కాపలా కాసింది ఈ కాలికా అని సిగ్గుతో తల దించుకున్నాను.

"ఈ కాలికి ఎప్పటికీ బలం రాదు. నిన్ను ఎక్కిస్తున్నవి చేతులు. సర్టిఫికెట్టు ఉంటుంది," అన్నారు డాక్టరుగారు. మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆయన ఫైలు తెరిచి, నేను రాసిస్తే దానం అందించిన కాగితాన్ని అందులోని అర్జీ పక్కన పెట్టారు. రెండింటి మీదా ఒకే చేతిరాత. కళ్లజోడు మీదుగా ఒకసారి నన్ను చూశారు. దానం కూడా ఫైలు వైపు వంగి చూశాడు.

తిరుగు ప్రయాణంలో అతను దారంతా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. చూశాడా? చూసి కూడా చూడనట్టు ఉన్నాడా? ఆ నవ్వులో ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు.

మర్నాడు మా తోటలోనే దింపు. నేను వెళ్లి చెట్టు కింద నిలబడ్డాను. పైన అతని చేతిలో కత్తి ఉంది, సరిగ్గా నా నెత్తి మీద గెల ఉంది. కక్ష తీర్చుకోవాలంటే ఒక్క కాయ చాలు కదా అనిపించింది. అయినా కదల్లేదు.

"టీచరుగారండీ, పక్కకి జరగండి. గెల కోస్తున్నానండీ."

"ఆ అర్జీ రాసింది నేనే, దానం," అన్నాను పైకి చూస్తూ.

కత్తి చప్పుడు ఆగింది.

"ఆయ్, తెలుసండీ," అన్నాడు పైనుంచి. "ముందు మీరు పక్కకి జరగండి."